కోటిలింగంగారు వెలగబెట్టిన వార్డు

కేన్సర్ డే కేర్ వార్డులో పాల దిగుబడిని త్వరలోనే రెట్టింపు చేస్తామని ఆరోగ్యశాఖ మంత్రివర్యులు శ్రీ కోటిలింగంగారు ప్రకటించినప్పుడు నేను అక్కడే ఉన్నాను. చప్పట్లు కూడా కొట్టాను.

తప్పు మంత్రిగారిది కాదు, సైరన్‌ది. వారధి మీద కాన్వాయ్ హోరులో పి.ఏ. బాబీ ఫోన్ చేసి "తరవాతది డే కేర్ సార్" అన్నాడు. మంత్రిగారికి "డెయిరీ సార్" అని వినబడింది. తప్పు వినడం ఎవరికైనా జరుగుతుంది. విన్న తప్పు మీద కాగితం చూడకుండా అరగంట మాట్లాడడం మాత్రం నాయకులకే చెల్లుతుంది.

"రోజుకు ఎంత తీస్తారమ్మా?" అని ఆయన హెడ్ నర్సు శౌరమ్మగారిని అడిగారు. ఆమె రక్తం సంగతనుకున్నారు.

"వచ్చినవాళ్ళందరికీ తీస్తామండీ. తలా ఒక గొట్టం."

"వెన్నో?"

"వెన్నులోంచి అయితే డాక్టరుగారే తీస్తారండీ. మమ్మల్ని ముట్టుకోనివ్వరు."

"మంచి పద్ధతి. నాణ్యత దగ్గర రాజీ పడకూడదు," అని మంత్రిగారు మెచ్చుకున్నారు.

అప్పుడు బాబీ ఆయన చెవిలో ఏదో చెప్పాడు. మంత్రిగారు పాల మొహాన్ని పరామర్శ మొహంలోకి మార్చుకున్నారు. గేరు మారిన చప్పుడు కూడా కాలేదు. "కేన్సరా! అయ్యయ్యో. మీకేం కావాలో అడగండమ్మా. సిగ్గుపడొద్దు."

శౌరమ్మగారు గుణదల మనిషి. సిగ్గుపడే అలవాటు అసలే లేదు. "మందు కలపడానికి ఒక గాజు పెట్టె కావాలండీ. గాలి పీల్చేసుకునేది ఉంటుంది. ఇప్పుడు స్టోరుకీ బాత్‌రూముకీ మధ్య బల్ల మీద కలుపుతున్నాం. ఆ ఆవిరికి మా చిన్న నర్సు సింధూరికి తల తిరుగుతోంది. పేషెంట్లకి ఎక్కించాల్సిన మందు మేం పీల్చడమేంటండీ?"

మంత్రిగారు శ్రద్ధగా విన్నారు. పెట్టుకున్న నల్లకళ్ళద్దాలు తియ్యకుండానే వార్డంతా కలయజూశారు. చూసి చలించిపోయారు.

"ఇంత చీకటేంటమ్మా ఇక్కడ!" అన్నారు.

అలా పుట్టింది వెలుగుల వార్డు పథకం. అడిగింది గాజు పెట్టె, వచ్చింది గాజు దీపాలు. గాజైతే గాజే కదా అని నేను సరిపెట్టుకున్నాను.

నేను అక్కడ ఉండడానికి కారణం మా వదిన పున్నమ్మ. పెడనలో మగ్గం నేస్తుంది. మందు ఎక్కించుకోవడానికి వచ్చినప్పుడల్లా భవానీపురంలో మా ఇంట్లో దిగుతుంది. డే కేర్ అంటే పొద్దున వచ్చి, సీసా ఎక్కించుకుని, సాయంత్రానికి ఇంటికి పోవడం. ఆసుపత్రికి పడక మిగులుతుంది, రోగికి పడక తప్పుతుంది. నర్సులకు నడుం వాల్చడం అనే మాటే తప్పుతుంది. ఉన్నది ఇద్దరు. శౌరమ్మగారు నరం వెతుకుతారు, సింధూరి మందు కలుపుతుంది. ఆ తరవాత ఒకరు బేసిన్ పడతారు, ఒకరు వీపు రాస్తారు. మధ్యలో ఒక సీసా అయిపోయిందని ఒకరు కేకేస్తారు, ఏమీ కాకపోయినా భయమేస్తోందని ఇంకొకరు కేకేస్తారు. రెండో కేకకే శౌరమ్మగారు ముందు వెళతారు.

ఇంకొక్క విషయం చెప్పాలి. మా వదినకూ, ఆమెతోపాటు వచ్చేవాళ్ళకూ ఎక్కించే మందుకు వెలుతురు గిట్టదు. వెలుతురు తగిలితే పాలు విరిగినట్టు విరిగిపోతుందట. మళ్ళీ డెయిరీలోకి పోతున్నాం గనక ఆ పోలిక వదిలేస్తున్నాను. అందుకని సీసాకు నల్లటిది ఏదైనా తొడగాలి. ఇదివరకు ఆఫీసులోంచి కార్బన్ కాగితాలు అడుక్కొచ్చి చుట్టేవారు. అవి జారిపోతుంటే మా వదిన ఊరుకోలేకపోయింది. మగ్గం మీద మిగిలిన నల్లగుడ్డ తెచ్చి, అన్ని సీసాలకూ ముడితాడు సంచులు కుట్టింది.

"నీ తలకి టోపీ కుట్టుకోవే అంటే సీసాలకి చొక్కాలు కుట్టావా పున్నమ్మా!" అన్నారు శౌరమ్మగారు.

"నా తల ఎండకి విరిగిపోదుగా సిస్టరూ," అంది వదిన.

దీపాల ప్రారంభోత్సవం సరిగ్గా మా వదిన సీసా రోజునే పడింది. వాయిదా వేద్దామంటే డాక్టరుగారు వద్దన్నారు. మధ్యలో తప్పితే గడ్డ మళ్ళీ తలెత్తుతుందన్నారు. మంత్రిగారి ట్రిప్పు మారదు, మా వదిన డ్రిప్పు ఆగదు. ఒకసారి కలిపిన మందు దాచుకునేది కాదు. పాడైతే మళ్ళీ సరుకు ఎప్పుడొస్తుందో స్టోర్సువాళ్ళకే తెలీదు. పొద్దున్నే సీసాలు వేలాడదీసి, నల్లసంచులు తొడిగి, అందరికీ మందు మొదలుపెట్టారు. పైన దీపాలు రిహార్సల్‌లో ఉన్నాయి. పెళ్ళిపందిట్లో వీడియో లైటు మొహాన కొట్టినట్టుంది. రోగులు కళ్ళకు చెంగులు అడ్డం పెట్టుకుని ప్రభుత్వ సంక్షేమాన్ని అనుభవిస్తున్నారు.

అంతలో బందోబస్తు ఇన్‌స్పెక్టర్ వెంకటప్పయ్యగారు వచ్చారు. చాలా సమర్థులు. పెడన చేనేత కార్మికులు మంత్రిగారికి నల్లజెండాలు చూపించబోతున్నారని ఆయనకు సమాచారం ఉంది.

"ఈ వార్డులో నల్లవి ఏమేం ఉన్నాయి?" అన్నారు.

"మా రాత ఉందండీ," అన్నారు శౌరమ్మగారు.

ఆయన నవ్వలేదు. నా గొడుగు తీసుకున్నారు. సింధూరి జడపిన్నులు తీసుకున్నారు. ఒక ముసలాయన మఫ్లరు తీసుకున్నారు. ఆడవాళ్ళ మెళ్ళో నల్లపూసల దగ్గర కాసేపు ఆలోచించి, "అవి జాకెట్లోకి దోపుకోండమ్మా, సారు వెళ్ళేదాకా," అని పెద్దమనసు చాటుకున్నారు. తరవాత రోగుల తలలు పరీక్షించారు. ఒక్కరికీ జుట్టు లేదు. "ఈ వార్డువాళ్ళు బాగా సహకరించారు, ఓవర్," అని వైర్‌లెస్‌లో చెప్పారు.

చెప్పి పైకి చూశారు. చూసి అటెన్షన్‌లోకి వచ్చేశారు.

"అవేంటి?"

"సీసాలండీ."

"కర్రకి నల్లగుడ్డ కట్టి పైకెత్తి వరసగా నిలబెడితే దాన్నేమంటారు?"

"సెలైన్ స్టాండంటారండీ."

"నల్లజెండా అంటారు. ఎక్కడిదీ గుడ్డ?"

"పెడనదండీ," అంది వదిన గర్వంగా. "మా మగ్గం మీదదే. నూటికి నూరుపాళ్ళు నూలు. ఉతికినా రంగు పోదు."

ఆ ముక్కతో కేసు తేలిపోయింది.

"చేనేత సంఘంలో మెంబరువా?"

"మగ్గమున్నవాళ్ళం అందరం మెంబర్లమే నాయనా."

"ఒప్పుకుంది, రాసుకో," అన్నారాయన కానిస్టేబుల్‌తో. ఇద్దరూ కలిసి సంచుల ముడులు విప్పడం మొదలుపెట్టారు.

"వెలుతురు తగలకూడదండీ ఆ మందుకి!" అని శౌరమ్మగారు అడ్డంపడ్డారు. "మందు చచ్చిపోద్ది! దాంతో మా పేషెంటు..." అని ఆగిపోయారు.

"వెలుగు పంచే ప్రభుత్వంలో వెలుగు పడని మందేంటమ్మా? ఎవరన్నా వింటే ఏమనుకుంటారు?"

సంచులన్నీ సాక్ష్యం కింద జీపెక్కాయి. దీపాల కాంతి సీసాల మీద విరుచుకుపడింది. శౌరమ్మగారు మా వదిన సీసాకు రెండు చేతులూ అడ్డం పెట్టారు. సింధూరి పక్క సీసాకు పెట్టింది. స్టాండ్లు వరసకు వరస, చేతులు నాలుగు. నేను ఒక సీసాకు పేపరు అడ్డం పట్టుకున్నాను. మంత్రిగారి ఫుల్‌పేజీ ప్రకటన ఉన్న పేజీ కావడంతో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కానీ పేపరు పల్చన.

"లైట్లన్నా ఆర్పండయ్యా!" అని శౌరమ్మగారు అరిచారు.

"రిహార్సలమ్మా," అన్నాడు ఎలక్ట్రీషియన్.

"అయితే మందు ఆపేస్తాను."

బాబీ పరిగెత్తుకొచ్చాడు. "ఆపకూడదు సిస్టర్! సారు వచ్చేసరికి బొట్టు బొట్టు పడుతూ ఉండాలి. విజువల్స్ ఉన్నాయి. కావాలంటే పార్టీ కండువాలు కప్పుకోండి, బోలెడున్నాయి."

పార్టీ రంగు వంకాయ రంగు. శౌరమ్మగారు ఒక కండువా తీసి దీపానికి ఎదురుగా పట్టారు. అవతల బాబీ మీసాలు స్పష్టంగా కనిపించాయి.

"దీన్లోంచి జల్లెడలో పడ్డట్టు పడుతోంది వెలుతురు. ఇంకేం లేవా?" అంటూ ఆమె చుట్టూ చూశారు. గోడల నిండా ఫ్లెక్సులు. ఒకదాని అంచు మడిచి వెనకవైపు చూశారు. మొహం విప్పారింది.

ఆ ఫ్లెక్సు మామూలు ఫ్లెక్సు కాదు. వెనకవైపు నల్లగా ఉండే రకం. వెనకనుంచి దీపం పడితే మంత్రిగారు పారదర్శకంగా కనబడే ప్రమాదం ఉందని, పారదర్శకత సారుకి పడదని, బాబీ ఖర్చుకు వెనకాడకుండా వేయించాడు.

శౌరమ్మగారు కట్లు కత్తిరించే కత్తెర తీశారు.

"సారు బొమ్మ కత్తిరిస్తారా!" అన్నాడు బాబీ గుండెపట్టుకుని.

"సారు మొహం ఉన్న ముక్కలే వాడతాను బాబూ. మిగతాది నువ్వు ఉంచుకో."

వెంకటప్పయ్యగారు చట్టాన్ని మనసులో తిరగేశారు. బయటికి కనిపించేది మంత్రిగారి మొహం, అంచు వంకాయ రంగు. నలుపు లోపలికి పోయింది. లోపల ఎంత నలుపున్నా బయటికి కనబడనంతవరకూ పార్టీకి ఇబ్బంది లేదని అనుభవజ్ఞులు గనక ఒప్పుకున్నారు. నర్సులిద్దరూ ప్లాస్టర్లు అంటించి, చకచకా సీసాలన్నిటికీ మంత్రిగారిని చుట్టేశారు. ఆ హడావుడిలో ప్రతి ఫ్లెక్సు పైమూలా ఉన్న బిళ్ళంత బొమ్మ తెగి చెత్తబకెట్లో పడింది. బిళ్ళంత బొమ్మ ముఖ్యమంత్రిగారిది.

మంత్రిగారు సమయానికి రాలేదు. సమయమే ఆయన కోసం ఆగింది. వచ్చి మీట నొక్కి, అప్పటికే వెలుగుతున్న దీపాలను వెలిగించి, వార్డు వైపు తిరిగారు. ప్రతి స్టాండు మీదనుంచీ ఆయన్ని చూసి ఆయనే నవ్వుతున్నారు. కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు.

"ప్రజల గుండెల్లో ఉన్నానని తెలుసు," అన్నారు మైకులో. "నరాల్లోకి ఎక్కుతున్నానని ఇవాళే తెలిసింది. రాష్ట్రంలో ప్రతి సీసాకీ నేనుండాలి! ఎవరిదమ్మా ఈ ఆలోచన?"

మైకు శౌరమ్మగారి చేతికిచ్చారు.

"మందు మీద వెలుతురు పడకుండా అడ్డంపడే వస్తువు కోసం చాలా వెతికామండీ," అన్నారామె. "మంత్రిగారిని మించింది దొరకలేదు."

చప్పట్లు మోగాయి. అందరికంటే ముందు కొట్టింది మంత్రిగారే. బాబీ మాత్రం కొట్టలేదు. అతని చేతిలో ఫోన్ మోగుతోంది.

"సార్, పైనుంచి," అన్నాడు. ఎవరో చెత్తబకెట్ వీడియో తీసి పంపారు. మంత్రిగారు ఫోన్ చెవికి పెట్టుకున్నారు. "సార్... అయ్యో సార్... బకెట్లోనా సార్... నా బొమ్మ ఒక్కటే కాదు సార్, అంటే ఒక్కటే కానీ..." ఫోన్ పెట్టేసి కెవ్వుమన్నారు.

"తీసెయ్యండి! ముఖ్యమంత్రిగారు లేకుండా నేను ఒక్క క్షణం కనబడకూడదు! పీకెయ్యండి!"

వెంకటప్పయ్యగారు ముందు మా వదిన సీసా మీదికే చెయ్యి చాపారు. ఇంకా సగం మందు ఉంది దాన్లో. వదిన సూదిలేని చేత్తో స్టాండు పట్టుకుని లేచి నిలబడింది. ఆ మనిషికి అంత బలం ఎక్కడిదో నాకు తెలీదు.

"ముట్టుకున్నావంటే ఈ సూది పీకి నీకు గుచ్చుతా! పొద్దున నా సంచులు పట్టుకుపోయావు, పోనీలే అన్నాను. ఇది నా ప్రాణం నాయనా. గుడ్డ కాదు."

"వదినా, కూర్చో," అన్నాను.

"నువ్వూరుకో అబ్బాయ్! పేపరు అడ్డం పట్టుకోడానికి తప్ప దేనికి పనికొచ్చావు!"

కెమెరాలు అటు తిరిగాయి. మంత్రిగారు "పీకెయ్!" అంటున్నారు. శౌరమ్మగారు మైకు కింద పెట్టి, ఇన్‌స్పెక్టరుకీ స్టాండుకీ మధ్య దూరారు.

"పీకక్కర్లేదండీ. తిప్పుతాం. మీ మొహం లోపలికి పోద్ది, ఇంకెవరికీ కనబడరు."

"తిప్పమ్మా! తిప్పు! తొందరగా!"

శౌరమ్మగారు తిప్పారు. సింధూరి తిప్పింది. సీసాకు వెలుతురు సోకకుండా, దీపానికి వీపు అడ్డం పెట్టి, ఒక్కొక్కటే తిప్పి అంటించారు. ఒక్కొక్క మంత్రిగారూ లోపలికి వెళ్ళిపోయారు. ఒక్కొక్క స్టాండూ నల్లబడింది. ఆఖరి స్టాండు తిరిగేసరికి వార్డంతా నల్లజెండాలు. వాటి నడుమ రెండు చేతులూ పైకెత్తి "ఇంకా తిప్పు, ఇంకా తిప్పు" అంటున్న కోటిలింగంగారు. పైన వెయ్యి సూర్యుల వెలుగు. ఫొటోగ్రాఫర్లకు ఫ్లాష్ కూడా అవసరం పడలేదు.

మా వదిన సీసా చివరి బొట్టుదాకా ఎక్కింది. ఆ వార్త ఏ పేపర్లోనూ రాలేదు.

పేపర్లలో వచ్చింది వేరే. 'మంత్రికి కేన్సర్ రోగుల నల్లజెండాలు' అని ఒకరు వేశారు. 'వార్డులో విప్లవం' అని ఇంకొకరు వేశారు. ప్రతిపక్షంవారు మా వదినను వీరనారి అన్నారు. పెడన చేనేత సంఘంవారు ఆ ఉద్యమం మాదేనని ప్రకటించి, ఆమె ఇంటికి అరటిపళ్ళు పంపారు. నల్లజెండాలను ఆపలేకపోయినందుకు వెంకటప్పయ్యగారిని సస్పెండ్ చేశారు.

ఇక లాభం లేదని మంత్రిగారు విలేకరుల సమావేశం పెట్టి, అసలు సంగతి అందరికీ విప్పి చెప్పారు. అవి జెండాలు కావన్నారు. మందు తొడుగులన్నారు. కొన్ని మందులకు వెలుతురు గిట్టదని, తగిలితే మందు చచ్చిపోతుందని, అందుకే నర్సులు నల్లగుడ్డ కప్పుతారని, ఇంతమాత్రం తెలియకుండా రాసిన పత్రికలు సిగ్గుపడాలని అన్నారు. ఆ రోజు పొద్దున శౌరమ్మగారు చెప్పింది పొల్లుపోకుండా చెప్పారు. ఎంత చక్కగా చెప్పారంటే, అది కనిపెట్టింది ఆయనేనని నాక్కూడా అనిపించింది. ఆ నిమిషంలోనే ఇన్‌స్పెక్టరుగారి సస్పెన్షన్ ఎత్తేశారు. లేని జెండాలను ఆపలేదనడం ధర్మం కాదు కదా.

"మరి వెలుతురు పడకూడని వార్డులో అన్ని దీపాలు ఎందుకు పెట్టారండీ?" అని ఒక కుర్ర విలేకరి అడిగాడు.

మంత్రిగారు తడుముకోలేదు. తడుముకోవడం ఆయన రక్తంలో లేదు.

"అందుకే తీసేస్తున్నాం," అన్నారు.

మాట మీద నిలబడ్డారు. మేం తరవాతి సీసాకు వెళ్ళేసరికి కొత్త దీపాలు లేవు. పాత దీపాలూ లేవు. కిటికీలకు బయటినుంచి నల్లరంగు పూశారు. గుమ్మం మీద బోర్డు ఉంది: 'చీకటి వార్డు. రోగుల శ్రేయస్సు కోసం ఇచ్చట వెలుతురు నిషేధం. ఆదేశానుసారం, శ్రీ కోటిలింగంగారు.' ఆ పక్కన, ముఖ్యమంత్రిగారు తలుపంత ఉన్నారు. గుమ్మంలో వెంకటప్పయ్యగారు స్టూలు వేసుకుని, లోపలికి వెళ్ళేవాళ్ళ సెల్‌ఫోన్లు తీసుకుంటున్నారు. టార్చి ఉంటుంది కదా.

లోపల గోడలు తడుముకుంటూ మా వదిన కుర్చీ వెతుక్కున్నాం. స్టోరుకీ బాత్‌రూముకీ మధ్య బల్ల దగ్గరనుంచి సింధూరి దగ్గు వినిపించింది. చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది.

"పున్నమ్మేనా?"

"నేనే సిస్టరూ."

"చెయ్యి ఇలా ఇవ్వు. పిడికిలి బిగించు. భయపడకు, కళ్ళు మూసుకో."

శౌరమ్మగారి వేళ్ళు మోచేతి మడత దగ్గర చాలాసేపు వెతికాయి. నాకేమీ కనబడలేదు, ఊపిరి మాత్రం వినబడింది. ముగ్గురిదీ. ఒకసారి "ఉహూఁ, ఇది కాదు" అన్నారు. వదిన పళ్ళు బిగబట్టిన చప్పుడైంది. ఇంకోసారి వెతికారు.

"దొరికింది. అయిపోయింది పున్నమ్మా. ఇంక కళ్ళు తెరు."

"తెరిచే ఉన్నాను తల్లీ," అంది మా వదిన.